రైటర్ టేబుల్ దగ్గర కూర్చుని చూసిన హైదరాబాద్: 70లు, 80లు, 90ల స్టేషన్ ముచ్చట్లు

చార్‌కమాన్:
పోలీసు జ్ఞాపకాలంటే మనకు దొరికేవి ఎక్కువగా పెద్దాఫీసర్లు రాసినవే కదా, వాటిలో ముఖ్యమంత్రులు ఉంటారు, ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి, అర్ధరాత్రి వచ్చిన ఫోన్లు ఉంటాయి. రాత్రి రెండింటికి సైకిల్ పోయిందని ఒకడు స్టేషన్‌కొస్తే ఏం జరిగేదో మాత్రం ఎక్కడా కనపడదు. ఎవరు రాసుకునేవారు, దేంట్లో రాసుకునేవారు, అసలు రాసుకునేవారా? మన గ్రూపులో రిటైరైనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారని తెలుసు, వాళ్లని బతిమాలుతున్నా. సంచలన కేసులు వద్దు, వాటికి యూట్యూబ్ ఉంది. మామూలు రోజు ఎలా గడిచేదో చెప్పండి. హైదరాబాద్ సిటీ మాత్రమే, జిల్లాల సంగతి ఇంకో థ్రెడ్ పెట్టుకుందాం.

పాతరైటర్_76:
నన్నే అంటున్నవని తెలుసు తమ్మీ. 76ల కానిస్టేబుల్‌గ చేరిన, హెడ్డు అయిన, ఏఎస్సై అయి దిగిపోయిన, మధ్యల చాన ఏండ్లు స్టేషన్ రైటర్‌గనే, అంటే స్టేషన్ కాగితాలన్నీ రాసేటోనిగనే గడిచింది. చేతిరాత మంచిగున్నోడు పోలీసుల చేరితే వాడి ఖర్మ గంతే, బయటికి పంపరు.

మొదలు ఒకటి చెప్త. జిల్లాలల్ల స్టేషన్‌కు ఎస్సై పెద్ద, సిటీల ఇన్‌స్పెక్టర్ పెద్ద. పాతబస్తీల ముసలోళ్లు మాత్రం ఎవరినైనా అమీన్ సాబ్ అనే పిలుస్తుండె, హెడ్డును జమేదార్ అంటుండె. నిజాం కాలపు కొత్వాలీ మాటలు కమిషనరేట్ వచ్చినంక గూడ పోలే. కమిషనర్ ఆఫీసు గూడ అప్పట్ల పురానీ హవేలీల ఉండె, ఫైలు పట్కొని పోతే ఆ దర్వాజలు చూసుడే సరిపోతుండె.

ఇగ స్టేషన్‌ల మొదటి దేవుడు జీడీ. జనరల్ డైరీ. సెంట్రీ మారినా అండ్ల రాయాలె, ఇన్‌స్పెక్టర్ బయటికి పోయినా రాయాలె, తిరిగొచ్చినా రాయాలె, లాకప్‌ల ఉన్నోడికి అన్నం పెట్టినా టైము రాయాలె. గంటలు కొట్టే సెంట్రీ ఉంటుండె, ఇనుప పలక మీద ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు, చుట్టుపక్కల ఇండ్లల్ల ఆడోళ్లు ఆ దెబ్బలు వినే పొయ్యి వెలిగిస్తుండె. సెంట్రీ నిద్రపోయి ఒక గంట మింగితే తెల్లారి బస్తీ మొత్తం అడుగుతుండె ఏందన్నా రాత్రి మూడు కొట్టలేదు అని.

ఎఫ్ఐఆర్ సంగతి. ఇప్పుడు కంప్యూటర్ల టైపు చేసి ప్రింటు తీస్తున్నరు. మాకు కార్బన్ పేపర్లు. ఒరిజినల్ మెజిస్ట్రేట్‌కు, ఒకటి ఫిర్యాదుదారుకు, పైఆఫీసర్లకు, ఒకటి స్టేషన్‌ల. కింది కాపీ దాంక అచ్చు పడాలంటే పెన్ను ఒత్తి ఒత్తి రాయాలె, నడిమివేలు మీద కాయ గట్టింది, ఇంకా ఉన్నది చూసుకుంటే. కార్బన్ తిరగేసి పెట్టినవనుకో, రెండు పేజీలు రాసినంక చూస్తే కాపీల ఏం ఉండదు, ఒరిజినల్ వెనకాల అద్దంల చూసినట్టు అక్షరాలు. కొత్తోళ్లందరూ ఒక్కసారన్న చేసే పని అది.

మర్డరైతే ఎక్స్‌ప్రెస్ ఎఫ్ఐఆర్. అంటే తెల్లారేదాంక ఆగేది లేదు, ఒక కానిస్టేబుల్‌ను సైకిల్ మీద మెజిస్ట్రేట్ ఇంటికే పంపాలె. రాత్రి మూడింటికి జడ్జిగారి గేటు కొట్టాలంటే పిల్లగాడు వణికిపోతుండె. కుక్క ఉంటే ఇంక చెప్పేదేముంది. జడ్జిగారు లుంగీల బయటికొచ్చి లైటు కింద చదివి, అందిన టైము రాసి సంతకం పెడ్తుండె. ఆ సంతకం దొరికిందంటే సగం కేసు నిలబడ్డట్టే.

నల్లకోటు:
పాతరైటర్ గారు చెప్పిన ఆ టైము మీదే మేం బతికేవాళ్లం సార్. నాంపల్లి కోర్టుల్లో నేను జూనియర్‌గా చేరినప్పుడు మా సీనియర్ మర్డర్ ఫైలు చేతికి రాగానే మిగతాదంతా పక్కన పెట్టి ముందు చూసేది ఎఫ్ఐఆర్ మీద మెజిస్ట్రేట్ వేసిన టైమే. స్టేషన్‌లో రాత్రి పదింటికి రిజిస్టర్ చేశామంటారు, మెజిస్ట్రేట్‌కి మర్నాడు పదకొండింటికి అందింది, మధ్యలో ఆ పదమూడు గంటలు ఏం చేశారు, పేర్లు ఆలోచించుకుని రాశారా అని మొదలుపెడితే ఐఓకి, అంటే కేసు దర్యాప్తు చేసిన ఆఫీసరుకి, చెమటలు పట్టేవి. తర్వాత జీడీ పిలిపించేవాళ్లం. రెండు ఎంట్రీల మధ్య ఇరికించి చిన్నక్షరాలతో రాసిన లైను ఒక్కటి దొరికినా చాలు, పండగే.

ఇంకోటి పంచనామా సాక్షులు. సెటప్పు పంచ్‌లు అంటాం. స్టేషన్ ఎదురుగా టీ కొట్టు ఉంటే ఆ కొట్టువాడు జీవితకాలంలో ఎన్ని కత్తులు, ఎన్ని గొలుసులు రికవరీ అవగా 'చూశాడో' లెక్కలేదు. క్రాస్‌లో ఒకటే ప్రశ్న: బాబూ నువ్వు ఇంతకుముందు ఇదే స్టేషన్ కేసుల్లో సాక్ష్యం చెప్పావా? చెప్పాను సార్, బోల్డన్నిసార్లు. కూర్చో.

క్వార్టర్స్_పిల్లోడు:
నేను పోలీసు కాదు గానీ పోలీసు క్వార్టర్సులో పుట్టి పెరిగినోణ్ణి, పేట్లబుర్జు దగ్గర. నాన్న ఏఆర్‌లో (ఆర్మ్‌డ్ రిజర్వ్) ఉండేవాడు తర్వాత సివిల్‌కి మారాడు. మాకు తెలిసిన పోలీసు పనంటే బెల్టు బక్కిల్‌కి బ్రాసో రాసి బట్టతో రుద్దడం, అది మా అన్నదమ్ముల డ్యూటీ. యూనిఫాం గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే నిలబెట్టినా నిలబడేది. పెద్దనాన్న వాళ్ల తరం నిక్కర్లు వేసుకునేవారంట, ఆ గంజి నిక్కరుకి తొడలు ఒరుసుకుపోయేవని కథలు కథలుగా చెప్పేవాడు.

వినాయక నిమజ్జనం వస్తే నాన్న మూడ్రోజులు కనపడడు, ట్యాంక్‌బండ్ మీద ఎక్కడో ఉంటాడు. మొహర్రం అయితే డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా బీబీ కా ఆలం ఊరేగింపు వెంట ఉంటాడు, బోనాలకి లాల్‌దర్వాజా. అందరికీ పండగ అంటే ఇంట్లో అందరూ ఉండటం, మాకు పండగ అంటే నాన్న లేకపోవడం. మా క్వార్టర్సులో పిల్లలందరం అంతే కాబట్టి బాధ కూడా ఏం ఉండేది కాదు అసలు, అదే మామూలు అనుకునేవాళ్లం, స్కూల్లో వేరే పిల్లలు మా నాన్న నిమజ్జనానికి తీసుకెళ్లాడు అంటే వింతగా ఉండేది. వీక్లీ ఆఫ్ అనే మాట మా ఇంట్లో నేను విన్లేదు, 2019లో ఆంధ్రాలో ఇస్తున్నారని పేపర్లో వస్తే నాన్న ఆ వార్త రెండుసార్లు చదివించుకున్నాడు.

సీదాసాదా:
అంతా బాగానే ఉంది కానీ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. 80ల్లో నా స్కూటర్ పోయింది. ఏ స్టేషనో చెప్పను. వెళ్తే కాగితం తీసుకున్నారు, నంబరు లేదు, కాపీ లేదు, 'దొరికితే చెప్తాం' అన్నారు. వారం వారం తిరిగా. ఇన్సూరెన్స్‌వాళ్లు ఎఫ్ఐఆర్ కాపీ లేకపోతే క్లెయిం లేదన్నారు. ఆఖరికి మా ఆఫీసులో ఒకాయన బావమరిది ఎవరో చెప్తే అప్పుడు ఎఫ్ఐఆర్ అయింది, అదీ ఆ రోజు డేటుతో, పోయిన రోజు డేటుతో కాదు. ఈ జీడీ దేవుడు ఆ రోజు నా స్కూటర్‌ని చూడలేదా? అప్పట్లో క్రైమ్ తక్కువ అని మా ఇంట్లో పెద్దలు అంటుంటే నవ్వొస్తుంది, రాయకపోతే తక్కువే ఉంటుంది మరి.

పాతరైటర్_76:
సీదాసాదా గారూ మీరు చెప్పింది వందకు వంద నిజం. నేను దాపెట్టేదేముంది, రిటైరయిన.

వింటరా ఎట్ల నడుస్తుండెనో. నెలనెల క్రైమ్ మీటింగ్ ఉంటది. అండ్ల ప్రతి స్టేషన్‌ది ఒక షీటు, పోయినేడు ఇదే నెల ఎన్ని దొంగతనాలు, ఈయేడు ఎన్ని, ఎన్ని పట్టిన్రు. నంబరు పెరిగిందంటే ఇన్‌స్పెక్టర్‌ను నిలబెట్టి అడుగుతరు, మెమో గూడ ఇస్తరు. ఎందుకు పెరిగింది, మంచిగ రిజిస్టర్ చేసిన్రా అని ఒక్కరు అడగరు. గట్లున్నప్పుడు ఇన్‌స్పెక్టర్ ఏం జేస్తడు? రైటర్‌కు చెప్తడు, పిటిషన్ తీస్కో, ఎఫ్ఐఆర్ ఆపు, మాల్ దొరికినంక చేద్దాం. దొంగ దొరికిననాడు ఎఫ్ఐఆర్, అదేరోజు డిటెక్షన్, అదేరోజు రికవరీ. పేపర్ మీద ఎంత చక్కగుంటదో చూడున్రి. దొరకని స్కూటర్ అసలు పోనే పోలేదు.

అన్ని స్టేషన్లు గట్లనేనా అంటే కాదు, నికరంగ రాసే ఇన్‌స్పెక్టర్లు ఉండె, వాళ్లను తొందరల తీసేస్తుండె. ఒకాయన దగ్గర చేసిన, వచ్చిన కాగితమల్లా రిజిస్టర్ చేయించిండు, ఆరు నెలలకే ట్రాఫిక్‌ల పడ్డడు.

దీనికి రెండో పక్క పెట్టీ కేసులు. దొంగతనాలేమో తక్కువ ఉండాలె, పెట్టీ కేసులేమో ఎక్కువ ఉండాలె. సిటీ పోలీస్ యాక్ట్ కింద, నిజాం కాలంల వచ్చిన చట్టం అది, 1348 ఫస్లీ అని, అప్పటి సర్కారు ఏడాది లెక్క, దాని మీద ఇప్పటికీ ఉంటది. రోడ్డు మీద బండి అడ్డం పెట్టినోడు, తాగి లొల్లి చేసినోడు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల సినిమా టిక్కెట్లు బ్లాక్‌ల అమ్మేటోడు. నెలాఖరుకు నంబరు తక్కువ పడ్డదంటే కానిస్టేబుళ్లు పోయి తెలిసినోళ్లనే బతిమాలుతుండె, అన్నా ఈసారి నువ్వు రా, ఫైను మేం చూస్కుంటం అని. హోటల్ పిల్లగాండ్లు వంతులేస్కొని వస్తుండె కోర్టుకు. జడ్జిగారు గూడ మొహం చూసి మళ్లొచ్చినవా అని నవ్వుతుండె.

నల్లకోటు:
ఈ జబ్బుకి మందు పడటానికి 2013 దాకా పట్టింది. లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, కాగ్నిజబుల్ నేరమని, అంటే వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరమని, ఫిర్యాదులో కనపడితే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, తర్వాత విచారించుకోండి అని. భార్యాభర్తల తగాదాలు, వ్యాపార లావాదేవీలు, డాక్టర్ల మీద కేసులు ఇలాంటివాటిలో మాత్రం ముందు కొంచెం విచారణకి వీలిచ్చింది. నిజానికి సీఆర్‌పీసీ 154 సెక్షన్‌లో ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు 2024 జులై నుంచి సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో అది 173 అయింది. మా పాత ప్లీడర్లకి నోట్లో 154యే వస్తుంది.

నైట్‌డెస్క్:
నేను క్రైమ్ బీటు చూసినవాణ్ణి, 80ల చివర, 90లు. పేపర్ పేరొద్దులెండి. మా రొటీన్ ఏంటంటే సాయంత్రం ఏడు దాటాక డైరెక్టరీ ముందేసుకుని వరసపెట్టి స్టేషన్లకి ఫోన్ కొట్టడం. అఫ్జల్‌గంజ్, సుల్తాన్‌బజార్, చిక్కడపల్లి, ముషీరాబాద్, గోపాలపురం... 'అన్నా ఏమన్నా ఉందా?' 'ఏం లేదన్నా, అంతా కామ్.' ఆ కామ్ అనేవాడి వెనకాల ఎవడో గావుకేకలు పెడుతుంటాడు, మనకి ఫోన్లో వినపడుతూ ఉంటుంది.

అందుకని మా అసలు ఆధారం స్టేషన్లు కాదు, ఉస్మానియా ఆస్పత్రిలోని పోలీసు ఔట్‌పోస్టు. కత్తిపోటైనా యాక్సిడెంటయినా కాలినగాయమైనా డాక్టరు మెడికో లీగల్ కేసుగా రాస్తాడు, ఔట్‌పోస్టు కానిస్టేబుల్ రిజిస్టర్లో ఎక్కించి సంబంధిత స్టేషన్‌కి కబురు పెడతాడు. స్టేషన్ రాయకుండా ఆపగలదేమో గానీ ఆస్పత్రి రిజిస్టర్లో పేరెక్కాక ఆపేదెలా? ఆ కానిస్టేబుల్ ఒకాయన ఉండేవాడు, రిజిస్టర్ చూపించడు, నిబంధన ప్రకారం చూపించకూడదు కదా. తెరిచి టేబుల్ మీద పెట్టి, నీళ్లు తాగొస్తా అని కారిడార్ చివరిదాకా వెళ్లేవాడు. మనం తలకిందులుగా చదవడం నేర్చుకోవాలి అంతే, ఎందుకంటే తిప్పితే తిప్పావని తెలిసిపోద్ది.

పాతరైటర్_76:
ఆయన గూడ రిటైరయిండు, ఇప్పుడు చెప్పొచ్చు 😀

లాఠీ_అక్క:
ఇంతమంది అన్నలు రాస్తుంటే చదువుకుంటూ ఉన్న, ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తకపోతే నేనే రాయాల్సొచ్చింది. మేం చేరిననాడు సిటీల ఆడ కానిస్టేబుళ్లం చాలా తక్కువ. అందుకే మాకు స్టేషన్ అనేది ఒకటి ఉండదు, ఎక్కడ ఆడమనిషిని తీసుకురావాలన్నా, సోదా చేయాలన్నా, ధర్నాల ఆడవాళ్లను వ్యాన్ ఎక్కియ్యాలన్నా కంట్రోల్ రూం నుంచి పిలుపు. పొద్దున బేగంపేట, మధ్యాహ్నం మీర్‌చౌక్, సాయంత్రం సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పక్క లాడ్జీలు. సిటీ బస్సులనే తిరుగుడు. ఆడమనిషిని ఆడమనిషే సోదా చేయాలని చట్టంల ఉండె, మేమొచ్చేదాంక అక్కడోళ్లు ఆగాలె, ఆగుతుండిరా అంటే అది వేరే ముచ్చట.

బందోబస్తుల పెద్ద బాధ ఏందంటే బాత్రూం. మగవాళ్లు గోడ చూసుకుంటరు, మేమేం చేయాలె? ఊరేగింపు డ్యూటీ పడితే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగకపోతుండె. పాతబస్తీల తెలియని ఇండ్లల్ల తలుపు కొట్టి అడుగుతుండె, వాళ్లు ఒక్కనాడు కూడా లేదనలేదు, లోపలికి పిలిచి చాయ్ కూడా ఇచ్చేటోళ్లు. పైఆఫీసర్లకు ఈ విషయం చెప్పనీకి నోరు రాకపోతుండె, అడిగినోళ్లు కూడా లేరు.

83ల భర్త, అత్తగారోళ్ల వేధింపులకు 498ఏ వచ్చింది, 86ల వరకట్న చావుకు 304బి వచ్చింది. అప్పటినుంచి మా పని మారిపోయింది. పెండ్లయి ఏడేండ్ల లోపల ఆడపిల్ల చచ్చిపోతే ఇన్‌క్వెస్ట్, అంటే శవపంచనామా, మెజిస్ట్రేట్ చేయాలె, అంటే ఎమ్మార్వో రావాలె. ఎమ్మార్వోకు వంద పనులు. గాంధీల, పాత గాంధీ రైల్వే స్టేషన్ దగ్గర ఉండేది కదా, అక్కడ మార్చురీ బయట తల్లిదండ్రులు ఒక పక్క, అత్తగారోళ్లు ఒక పక్క, నడుమ నేను. పొద్దున వస్తే ఎమ్మార్వో మధ్యాహ్నం మూడింటికి వస్తడు. ఆ ఐదారు గంటలు ఆ తల్లి నా చెయ్యి వదలకపోతుండె. ఏం చెప్తం? ఒకామె బిడ్డ చీర ముడి చూసి ఇది మా పిల్ల కట్టే తీరు కాదమ్మా, ఎవరో కట్టిన్రు అన్నది. నేను అది పోయి ఇన్‌క్వెస్ట్ చేసే సారుకు చెప్పిన, రాస్కున్నరు. ఆ కేసు ఏమైందో మాకు తెల్వదు, కానిస్టేబుల్‌కు తీర్పు దాంక ఎవరు చెప్తరు, సమన్లు వస్తే పోయి చెప్పొచ్చుడే.

చార్‌కమాన్:
అక్కా ఇది చదివి కాసేపు ఏం టైపు చేయాలో తెలీలేదు. ఇలాంటివే రాయమని అడిగింది. థాంక్స్.

సీదాసాదా:
అక్క రాసింది వేరే స్థాయి, నమస్కారం. కానీ లాకప్ సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తాలి. 1978 మార్చిలో నల్లకుంట స్టేషన్‌లో ఒక ఆడమనిషి మీద అత్యాచారం, ఆమె భర్త దెబ్బలకి చనిపోవడం, సిటీ మొత్తం తగలబడటం, కాల్పులు, కర్ఫ్యూ, మా తరం అంతా చూసిందే. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది, తర్వాత కేసు కర్ణాటకకి మార్చాక రాయచూర్ కోర్టులో వదిలేశారు. బ్రాసో, గంజి, గంటలు అన్నీ తియ్యగానే ఉంటాయి, స్టేషన్ పేరు చెప్తే జనం ఎందుకు భయపడేవారో కూడా ఈ థ్రెడ్‌లో ఉండాలి కదా.

పాతరైటర్_76:
ఉండాలె. నేను అప్పటికి సర్వీసుల రెండేండ్ల పిల్లగాన్ని, వేరే స్టేషన్. ఆ నెలల యూనిఫాం మీద బస్సెక్కాలంటే భయమయ్యింది, అంగీ మార్చుకొని పోతుంటిమి. జనం కోపం నాకిప్పటికీ న్యాయమనే అనిపిస్తది.

కొట్టుడు ఉండెనా అంటే ఉండె. ప్రతి స్టేషన్‌ల కొట్టేటందుకు పేరుపడ్డ ఒకడో ఇద్దరో ఉంటుండిరి, మిగిలినోళ్లు రాస్కుంట కూసుంటుండిరి, వినబడనట్టు. ఎందుకు కొట్టేదంటే కోపంతోని కాదు చానసార్లు, మాల్ కోసం. గొలుసు పోయినామె రోజు వస్తది, ఇన్‌స్పెక్టర్‌కు పైనుంచి ఫోన్లు, చేతుల ఉన్నది ఒక పాత నేరస్థుడు. వేలిముద్రలు తీసి బ్యూరోకు పంపితే జవాబు వచ్చేవరకు ఎన్ని దినాలో. గిప్పటి లెక్క సెల్ టవర్ లేదు, కెమెరా లేదు. సాకు చెప్తలేను, ఎట్ల నడిచిందో చెప్తున్న.

నల్లకోటు:
దీంట్లో చట్టం పాత్ర కూడా ఉంది, అది ఎవరూ మాట్లాడరు. పాత ఎవిడెన్స్ యాక్ట్ 25 ప్రకారం (2024 జులై నుంచి దాని బదులు బీఎస్ఏ 23) పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. బాగుంది. కానీ 27 ఏమంటుందంటే, కస్టడీలో ఉన్నవాడు చెప్పినదాని వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన ముక్క మాత్రం చెల్లుతుంది. అంటే ఒప్పించడం దండగ, వస్తువు ఎక్కడుందో చెప్పించడం లాభం. బ్రిటిష్‌వాడు రాసిన ఆ ఒక్క సెక్షన్ వల్ల దేశమంతా లాకప్‌లలో ఏం జరిగిందో ఊహించుకోండి. 1996లో డీకే బసు తీర్పు వచ్చి అరెస్టు మెమో, బంధువులకి కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష అన్నాక కొంత తగ్గింది. కొంతే.

లాఠీ_అక్క:
డీకే బసు బోర్డు ప్రతి స్టేషన్‌ల గోడకు వేలాడదీసిన్రు. మా దగ్గర లాకప్ పక్కనే పెట్టిన్రు, లోపలున్నోడికి కనపడకుండ.

చార్‌కమాన్:
పాతరైటర్ గారూ, రాత్రి బీటు గురించి రాస్తారా? మా తాతగారింట్లో చిన్న పుస్తకం వేలాడుతూ ఉండేది, రాత్రి కానిస్టేబుల్ వచ్చి సంతకం పెట్టేవాడు, అదేంటో ఎవరూ సరిగా చెప్పలేదు.

పాతరైటర్_76:
అది పాయింట్ బుక్కు. బీటుల నాలుగైదు జాగలల్ల పెడ్తరు, బ్యాంకు, గుడి, పెద్దమనిషి ఇల్లు, ఆ మూలకొకటి ఈ మూలకొకటి. కానిస్టేబుల్ రాత్రి పోయి టైము రాసి సంతకం చెయ్యాలె, తర్వాత ఎస్సై చెకింగ్‌కు పోయి దాని కింద సంతకం చెయ్యాలె. తెలివిగలోడు సాయంత్రమే తిరిగి రాత్రి టైములన్నీ రాసేసి ఇంటికి పోయి పండుకుంటుండె. అట్ల పట్టుబడేది ఎట్లనో తెలుసా, రాత్రి వాన పడితే. రెండింటికి సంతకం ఉంటది, పుస్తకం అట్ట మీద తడి చెయ్యి మరక ఉండదు. మా ఎస్సై ఒకాయన వానరాత్రి ఖచ్చితంగ చెకింగ్‌కు పోతుండె, మిగిలిన రాత్రులు హాయిగ పండుకుంటుండె.

నిజంగ తిరిగేటోళ్లు గూడ ఉండె, వాళ్లకు బస్తీ మొత్తం నోటికి వస్తుండె. ఎవరింట్ల కొత్తగ కిరాయికొచ్చిన్రు, ఎవరి కొడుకు దుబాయ్ నుంచి వచ్చిండు, ఏ లాడ్జిల రిజిస్టర్ల దొంగపేర్లు రాస్తరు. రాత్రిపూట కేడీ చెక్ అని ఉంటది. పాత నేరస్థుల ఇండ్ల ముంగట నిలబడి పేరుబెట్టి పిలవాలె, లోపల్నుంచి వాడు పలకాలె, పలికినట్టు బుక్కుల రాయాలె. ఒకింట్ల వాడి బదులు తమ్ముడు పలుకుతుండె, గొంతు ఒక్కతీరే. మా బీటు కానిస్టేబుల్ కనిపెట్టిండు, పెద్దోడికి దగ్గు ఉంటది తమ్మునికి లేదు. దగ్గమన్నడు. లోపల తమ్ముడు తెచ్చుకొని దగ్గిండు గానీ అది దగ్గు గాదు. ఆ రాత్రే కాచిగూడల పెద్దోడు దొరికిండు, గోడ దుంకుతుంటె.

సైకిల్ పోతే మొదలు చూసేది జుమ్మేరాత్ బజార్. గురువారం పొద్దున పోయి తిరిగితే మీ సైకిల్ మీకే అమ్ముతుండె. నుమాయిష్ ఎగ్జిబిషన్ నడిచినన్ని రోజులు, జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి నడుమదాంక, క్రైమ్ పార్టీ మఫ్టీల నాంపల్లి గ్రౌండ్‌లనే ఉండాలె. జేబుదొంగ జనాన్ని చూడడు, జేబులను చూస్తడు, అట్ల కిందికి చూస్కుంట నడిచేటోన్ని పట్టుకొమ్మని నేర్పిన్రు మాకు. ఒకసారి గట్ల కిందికి చూస్కుంట తిరుగుతున్నోన్ని పట్టినం, వాడు పాపం చెప్పు తెగి వెతుక్కుంటున్నడు.

క్వార్టర్స్_పిల్లోడు:
దగ్గమన్నాడు 😂😂 చచ్చిపోయా నవ్వలేక

నాన్న చెప్పిన ఇంకోటి గుర్తొచ్చింది, చనిపోయినవాళ్ల విసెరా (పరీక్షకి తీసిన లోపలి అవయవాల ముక్కలు) సీసాలు. పోస్ట్‌మార్టం అయ్యాక సీలేసి రెడ్‌హిల్స్‌లో ఫోరెన్సిక్ ల్యాబుకి పంపాలి కదా, జీపు ఎవరిస్తారు, నాన్న సంచిలో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో తీసుకెళ్లేవాడంట. పక్క సీటాయన ఏంటండీ ఊరగాయా అంటే అవునండీ అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడంట.

పాతరైటర్_76:
అందరం చేసినం ఆ పని. సంచిల దానితోని పాస్‌పోర్టు గూడ ఉండాలె, అంటే విమానంది గాదు, కానిస్టేబుల్ స్టేషన్ దాటి డ్యూటీ మీద పోతే ఇచ్చే కాగితం. ఎక్కడికి, ఎందుకు, ఏ టైముకు పోయిండు, అక్కడోళ్లు ఏ టైముకు వదిలిన్రు అన్నీ అండ్ల రాస్తరు. ఆ కాగితం పోగొట్టుకుంటే సీసా పోయినదానికన్న ఎక్కువ తిట్లు.

మాల్‌ఖానా, అంటే కేసులల్ల పట్టిన సామాను పెట్టే రూము, దాని ముచ్చట ఒకటి జెప్పి ఆపుత. 93ల సారా బంద్, 95 జనవరిల మొత్తం మందు బంద్ అయ్యింది కదా. పట్టిన బాటిళ్లన్నీ కేసు తీరేదాంక మా దగ్గరనే. రూము నిండింది, వరండాల పెట్టినం, ఆఖరికి సైకిళ్లు బయటేసి వాటి జాగల పెట్టినం. ధూల్‌పేట దిక్కున్న స్టేషన్లల్ల గుడుంబ క్యాన్లు వేరే. ఎండాకాలం మూత లేచి వాసన, ఫిర్యాదుకొచ్చినోడు మమ్మల్నే అనుమానంగ చూస్తుండె. రోజు లెక్కబెట్టాలె, ఒక్క సీసా తక్కువైనా రైటర్ మెడకే. 97ల సర్కారు ఆ బంద్‌ను సడలించినంక గూడ ఆ కేసుల బాటిళ్లు నా నెత్తిమీదనే ఉండె.

నైట్‌డెస్క్:
90 డిసెంబర్ మతకల్లోలాల కర్ఫ్యూ గురించి ఎవరూ రాయలేదేంటి? ముఖ్యమంత్రిగా చెన్నారెడ్డి దిగిపోయింది ఆ గొడవల మధ్యలోనే. పాతబస్తీలో రోజుల తరబడి కర్ఫ్యూ. నాకు గుర్తుండిపోయింది కర్ఫ్యూ పాసుల క్యూ. చేత్తో రాసి స్టాంపు వేసేవాళ్లు. పెళ్లి ఉందని వచ్చినవాడు పెళ్లికార్డు చూపించాలి, ఒకాయన దగ్గర కార్డు లేదు, పెళ్లికూతుర్నే తీసుకొచ్చాడు, ఆ అమ్మాయి మెహందీ పెట్టిన చేతులు టేబుల్ మీద పెట్టింది, రైటర్ ఇంకేం మాట్లాడకుండా రాసిచ్చాడు.

పాతరైటర్_76:
రాసిచ్చినోన్ని నేను గాదు గానీ నేనైనా రాసిచ్చేటోన్నే. ఆ నెలల మేము దుకాణాల మెట్ల మీదనే పండుకున్నం, అట్టముక్కలు పరుచుకొని. రెండు గంటలు సడలింపు ఇస్తే ముందు పాలకు ఉరుకుతుండె జనం, తర్వాత దవాఖానకు. బస్తీ ఏదైనా మాకు చాయ్ ఇచ్చింది పైఅంతస్తుల ఆడోళ్లే, తాడుకు డబ్బా గట్టి కిందికి దించుతుండె. దీని గురించి సపరేట్‌గ రాస్త, చాన ఉన్నది.

క్వార్టర్స్_పిల్లోడు:
ఒక సాయం కావాలి. నాన్న పోయాక ట్రంకు పెట్టెలో ఆయన సొంత నోటుబుక్కులు దొరికాయి, ఏ రోజు ఏ డ్యూటీ, ఎవర్ని తెచ్చారు, ఎవరింటికి వెళ్లారు అన్నీ రాసుకున్నాడు. స్కాన్ చేసి ఇక్కడ పెట్టొచ్చా? కొన్ని పేజీల్లో పేర్లు, అడ్రసులు ఉన్నాయి.

నల్లకోటు:
పేర్లున్న పేజీలు అలాగే పెట్టొద్దు. అత్యాచారం కేసుల్లో బాధితురాలి పేరుగానీ గుర్తుపట్టే వివరంగానీ బయటపెడితే అదే నేరం, పాత ఐపీసీ 228ఏ, ఇప్పుడు బీఎన్ఎస్ 72. ఎన్నేళ్లయినా అంతే. మిగతా కేసుల్లో కూడా అనుమానితులుగా తెచ్చి వదిలేసినవాళ్లు ఉంటారు, వాళ్ల మనవలు ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటుంటారు. పేర్లు, ఇంటి నంబర్లు నల్లగా కొట్టేసి, డ్యూటీలు, టైములు, స్టేషన్ పని ఎలా నడిచిందో ఆ భాగం పెట్టండి. ఒరిజినల్స్ మాత్రం లామినేషన్ చేయించకండి దయచేసి, పాత కాగితం పాడవుతుంది.

పాతరైటర్_76:
స్కాన్ చేసేముందు నాకు ఒక రెండు పేజీలు పంపు బిడ్డా. మీ నాయన రాసుకున్న పొట్టి అక్షరాలు నీకు అర్థం గావు, ఎస్‌ఆర్, డీసీ, పీటీ, ఎల్‌వీ అని ఉంటయి, స్టేషన్‌కొక తీరు ఉంటది. నేను చెప్త. రేపు పొద్దున పదకొండు తర్వాత అయితే ఖాళీగ ఉంట.